అందరి కుండయు, ఒక్క బిడ్డయు

ధ్యాన భాగములు: 2 రాజులు 4:38–41, రోమా 14:13–21, లూకా 11:11–13

ఎలీషా ప్రవక్త గిల్గాలునకు వచ్చిన దినములలో ఆ దేశమంతట కరవు ఉండెను. ప్రవక్తల శిష్యులు అనేకులు ఆయన యెదుట చేరియుండిరి. పెద్ద కుండ పెట్టి వీరందరికి కూర వండుమని ఆయన తన సేవకునికి చెప్పెను. వారిలో ఒకడు ఆకుకూర కొరకు పొలములోనికి పోయి, ఏదో అడవితీగకు కాసిన కాయలను వస్త్రమునిండ కోసికొని వచ్చి, అవి ఏమి కాయలో తెలియకయే తరిగి కుండలో వేసెను. వడ్డించిరి, తినసాగిరి. అంతలోనే తినువారు కేకవేసి, ఈ కుండలో చావున్నదని దైవజనునితో మొరపెట్టిరి.

ఈ చిన్న వృత్తాంతమును మన ప్రసంగములలో అరుదుగా విందుము. అయితే కరవు సీమలో కాపురముండు మనకు ఇది దగ్గరి కథ. ఆ కాయలు కోసినవానికి దురుద్దేశమేమియు లేదు. ఆకలిగొన్న సహోదరులకు ఏదో ఒకటి పెట్టవలెనని వెదకినవాడు. అయినను అతని మంచి మనస్సు ఆ కాయ గుణమును మార్చలేదు. కేకవేసినవారిని ప్రవక్త గద్దింపలేదు. కరవు కాలములో పెట్టినది తినక సణుగుచున్నారా యని అనలేదు. విశ్వాసముంచి మింగుడని చెప్పలేదు. వారి మాట విని, పిండి తెప్పించి కుండలో వేసి, ఆ కూర అందరును తినదగినదగునట్లు చేసెను. తరువాతనే వడ్డింపుమనెను.

ప్రియులారా, అట్టి కేక వేయవలసిన బిడ్డ మన నడుమ కూడ ఉండవచ్చును. అందరికి బలమిచ్చు ఆహారము ఆ బిడ్డ ఒంటికి పడదు. ఒకనికి గ్రుడ్డు పడదు, ఒకతెకు పాలు పడవు, మరియొకనికి వేరుశనగ పడదు. ఆ బిడ్డకు తిండి పెట్టుట ఎవరి బాధ్యత? తల్లిది మాత్రమేనా? వానితో కలిసి బల్లయొద్ద కూర్చుండు మనందరిదియునా? ఒక్కని కొరకు నూరుమంది తమ రుచిని మానుకొనవలెనా? ఇది వంటయింటి ప్రశ్నవలె కనబడును గాని, ప్రేమ యననేమో విచారించు ప్రశ్న. దీనిని వాక్యపు వెలుగులో ఆలోచింతము.

మొదట మన సీమ సంగతి చెప్పవలెను. కంబదూరు, కళ్యాణదుర్గము ప్రాంతములు వానకు ముఖము వాచిన మెట్టనేలలు. అనంతపురము జిల్లాలో సంవత్సరమునకు సగటున కురియునది సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. 1876–78 నాటి ధాత కరవు కథలు మన తాతముత్తాతల నోట నిలిచియుండెను. 1952 నాటి కరవులో రాయలసీమలో గంజి కేంద్రములు పెట్టి జనులను బ్రతికించిరి. ఇట్టి చోట తిండి పెట్టుటయే ప్రేమకు మొదటి గురుతు. ఇంటికి వచ్చినవారిని తిన్నావా యని అడుగుదుము గాని, నీకేమి పడునని అడుగుట మనకు అలవాటు లేదు. పెట్టినది వద్దనుట పెట్టినవారిని అవమానించుటయే యని తలంతుము. అవ్వ తన మనుమని గడ్డము పట్టుకొని, కొంచెము తిను నాయనా, ఏమీ కాదులే యని బ్రతిమాలునప్పుడు, ఆ మాటలో తరతరముల ఆకలి యున్నది. దానిని ఎగతాళి చేయరాదు. అయినను ఆ మాటయే ఒక్కొక్క బిడ్డకు ప్రాణాపాయము కాగలదు.

ఎందుకనగా మన సీమలో బ్రతుకు తెరువును, ఇంటి వంటయు వేరుశనగతో పెనవైచుకొని యున్నవి. వేరుశనగ దక్షిణ అమెరికా ఖండమునుండి మన దేశమునకు వచ్చిన పంట. జొన్న, కొర్ర, సజ్జ పండిన మెట్టలలో క్రమముగా అది నిండిపోయెను. 2022లో విభజింపబడకముందు అనంతపురము జిల్లాలో ఒక కాలమున సుమారు 8 లక్షల హెక్టార్లలో వేరుశనగ వేసిరి. సంగటిలోనికి శనక్కాయ ఊరిబిండి, కూరలోనికి శనక్కాయల పొడి, తాలింపునకు గానుగ నూనె, పిల్లలకు బెల్లపు ఉండలు, పశువులకు కట్టె. విత్తనపు కాయ ఒలుచు దినములలో ఇంటినిండ ఆ ధూళియే. కోతకాల పండుగకు మనము దేవుని సన్నిధికి తెచ్చు మూటలలో మొదటిదియు అదియే. 2020 జనవరి నుండి ఆంధ్రప్రదేశ్ బడి భోజనములో వారమునకు మూడు దినములు వేరుశనగ చిక్కి కూడ చేరెను. బలహీనులైన పిల్లలకు అది మేలైన ఆహారమే. అయితే ఆ గింజ పడని బిడ్డ ఒకడు ఈ ఊరిలో పుట్టినయెడల, వాని తల్లి ఎటు తిరిగినను కుండలో చావున్నదను భయముతోనే తిరుగవలెను.

ఈ పడకపోవుట యననేమి? మన దేహములో రోగములతో పోరాడుటకు దేవుడు ఒక కావలి బలమును ఉంచెను. కొందరిలో ఆ కావలి, మిత్రుడైన ఆహారమును శత్రువని భ్రమించి దానిమీదికి లేచును. దీనిని ఎలర్జీ యందురు. ఈ మాటను 1906లో వియన్నా నగరములోని పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే కల్పించెను. అంతకు ముందే 1902లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు పోర్టియే, రిషే అనువారు, అతి స్వల్పమైన పదార్థము సహితము రెండవమారు దేహములో ప్రవేశించినప్పుడు ప్రాణాంతకమగుట కలదని కుక్కలలో కనుగొనిరి. రిషేకు 1913లో నోబెల్ బహుమానము లభించెను. పడని ఆహారము తిన్న కొద్ది నిమిషములలోనో, రెండు గంటలలోపలనో ఒంటిమీద దద్దురులు లేచును, పెదవులు, కన్నులు వాచును, వాంతియగును. మిక్కిలి తీవ్రమైనప్పుడు గొంతు బిగిసి, ఊపిరి ఆడక, రక్తపు పోటు పడిపోయి స్పృహ తప్పును. ఇది మారాము కాదు, నాలుకకు రుచింపకపోవుట కాదు. వేయించినంతమాత్రమున వేరుశనగ గుణము పోదు. గానుగ నూనెలోను గింజ అంశము మిగిలియుండును.

ఇది అరుదైన సంగతి యనుటయు నిజమే. మన పొరుగున బెంగుళూరు, మైసూరు ప్రాంతముల బడిపిల్లలను పరీక్షించి 2020లో ప్రచురించిన పరిశోధనలో, ఆహారపు ఎలర్జీ కలదని ఎంచదగిన పిల్లలు నూటికి 0.14 మంది, అనగా పదివేలమందిలో 14 మంది. రక్తపరీక్షలో గురుతు కనబడినవారు అంతకంటె మిక్కిలి ఎక్కువ. కాబట్టి పరీక్ష కాగితము చూచి భయపడి బిడ్డకు అన్నియు మాన్పించుట తగదు. తిన్నప్పుడు ఏమి జరిగినదో విని, వైద్యుడు నిర్ణయింపవలెను. అరుదైనదని విని కొందరు, అంత తక్కువమంది కొరకు ఇంత మాట యెందుకందురు. తొంబదితొమ్మిదిని విడిచి ఒక్కదానిని వెదకబోయిన కాపరి సంఘములో ఈ ప్రశ్నకు వేరే జవాబు అక్కరలేదు.

ఇట్టి బిడ్డ తల్లికి మన సంఘములలో మూడు విధముల సలహాలు వినబడును. మూడును భక్తివలెనే కనబడును, మూడును తప్పే.

మొదటి సలహా: ప్రార్థించి పెట్టు, ఏమియు కాదు. మరణకరమైనది త్రాగినను హాని కలుగదని మార్కు సువార్త చివరి అధ్యాయములో లేదా యందురు. అపొస్తలుడైన పౌలు మెలితే ద్వీపములో పుల్లలు ఏరుచుండగా సర్పము తనంతట తానే అతని చేయి పట్టెను. ఆయన దానిని వెదకి పట్టుకొనలేదు. దేవాలయ శిఖరమునుండి దుముకుము, దూతలు నిన్ను ఎత్తుకొందురని వాక్యమునే చూపి శోధించినవాడు ఎవడో మనకు తెలియును. ప్రభువు దుముకలేదు. తండ్రిని శోధింపరాదని వానికి ఉత్తరమిచ్చెను (మత్తయి 4:5–7). తన విశ్వాసమును తన ప్రాణముతో పరీక్షించుకొనుటయే తప్పైనప్పుడు, పరుల బిడ్డ ప్రాణముతో దానిని పరీక్షించుట మరి యెంత తప్పు! ప్రార్థన చేయుడి, చిక్కి మాత్రము పెట్టకుడి.

రెండవ సలహా: ఇది ఎవరి పాపఫలమో విచారించుము. గర్భవతిగా నున్నప్పుడు ఏమి తిన్నావు, ఏ మ్రొక్కుబడి తప్పితివి అని తల్లిని గ్రుచ్చి అడుగుదురు. పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులడిగిన ప్రశ్నయే ఇది. వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదని ప్రభువు వారి నోరు మూయించెను (యోహాను 9:1–3). ఆ బిడ్డ అపవిత్రుడు కాడు. ఆ గింజయు శాపగ్రస్తము కాదు. అది మన రైతులకు దేవుడిచ్చిన దానము. నోటిలోనికి పోవునది మనుష్యుని అపవిత్రపరచదని ప్రభువు చెప్పినందున, ఇక్కడ నిందకు చోటు లేదు. జాగ్రత్తకు మాత్రమే చోటు.

మూడవ సలహా: భయపడి అందరు శిశువులకును అన్నియు మాన్పుము. ఇదియు మేలు కాదు. తీవ్రమైన గజ్జిగాని గ్రుడ్డు ఎలర్జీగాని యున్న 640 మంది శిశువులపై లండనులో పరిశోధన జరిపి 2015లో ప్రచురించిరి. నాలుగు మొదలు పదకొండు నెలల ప్రాయములో వారిని చేర్చుకొని, కొందరికి వేరుశనగను క్రమముగా పెట్టిరి, కొందరికి అయిదేండ్లవరకు దూరముంచిరి. దూరముంచిన వారిలో నూటికి సుమారు 17 మందికి వేరుశనగ ఎలర్జీ వచ్చెను. పెట్టినవారిలో నూటికి సుమారు ముగ్గురికే. కావున ఏ దోషమును లేని శిశువునకు తగిన ప్రాయములో, మెత్తగా నూరి కలిపినది పెట్టుట మంచిది. గొంతుకు అడ్డుపడును గనుక గింజలు పెట్టరాదు. తీవ్రమైన గజ్జి యున్న శిశువునకు వైద్యుని అడిగి పెట్టవలెను. ఒకసారి పడక బాధపడిన బిడ్డకు మాత్రము ఇంటిలో మరల పెట్టి చూడనే కూడదు. పాలు, గ్రుడ్లు పడని పిల్లలలో అనేకులకు పెరిగినకొలది అది తొలగిపోవును. వేరుశనగ పడనివారిలో సుమారు అయిదుగురిలో ఒకరికి తొలగును. అది తొలగెనో లేదో ఆసుపత్రిలోనే చూడవలెను. ఒకటి మాన్పించినప్పుడు దాని బదులు బలమిచ్చునది మరియొకటి పెట్టుట మరువరాదు: రాగి, పప్పులు, పాలు, గ్రుడ్లు, ఆకుకూరలు, వీటిలో ఆ బిడ్డకు పడునవి.

ఇక పౌలు ఉపదేశమును చూతము. రోమా సంఘములో అన్నియు తినువారును, కూరగాయలు మాత్రమే తినువారును ఒకే బల్లయొద్ద కూర్చుండిరి. కొరింథులో విగ్రహములకు అర్పించిన మాంసమునుగూర్చి కలహము పుట్టెను. ఆ తగవులు మనస్సాక్షికి సంబంధించినవి, దేహ రోగమునకు సంబంధించినవి కావు. ఆ భేదమును దాచి వాక్యమును త్రిప్పరాదు. అయినను ఆయన చూపిన త్రోవ మనకును పనికివచ్చును. తినుటకు నాకు హక్కు కలదు, నిజమే. అయితే నా తిండివలన క్రీస్తు ఎవని కొరకు చనిపోయెనో వాడు చెడిపోవునేని, నా హక్కును నేను వాడను అని ఆయన తీర్పు. మనస్సాక్షి నొచ్చుకొన్నందుకే పౌలు జీవితాంతము మాంసము మానుటకు సిద్ధపడెను గదా (1 కొరింథీ 8:13). బిడ్డ ఊపిరి ఆగునని తెలిసినప్పుడు ఒక్క పూట ఊరిబిండి మానలేమా?

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరము కలదు. బీదవాని ఇంట చవుకగా దొరకు బలమైన తిండి వేరుశనగయే. ఊరి రైతు బ్రతుకు దానిమీదనే. ఒక్కని నిమిత్తము నూరుమంది బీదల నోటిముద్ద తీయుట ప్రేమయగునా? కాదు. పౌలు సహితము కొరింథు పట్టణపు కటికవాని అంగడి మూయుమని చెప్పలేదు. అక్కడ అమ్మునది కొని తినుడనియే చెప్పెను (1 కొరింథీ 10:25). బలహీనుడైన సహోదరుడు చెంత కూర్చున్నప్పుడు మాత్రము మానుడనెను. కాబట్టి రైతు విత్తవచ్చును, ఇల్లు ఇల్లు వండుకొనవచ్చును, బడిలో చిక్కి పంచవచ్చును. అయితే ఆ బిడ్డ కూర్చుండు ఉమ్మడి బల్లమీద, అనగా ప్రేమవిందులో, క్రిస్మసు పంక్తిలో, ఆదివారపు బడి మిఠాయిలో, అది లేకుండ వండుట నూరుమందికి నష్టము కాదు. వారు ఆ పూట మానుకొనునది ఒక్క రుచి. ఆ బిడ్డ దక్కించుకొనునది ప్రాణము. ఈ రెంటిని ఒకే త్రాసులో తూచిన యెడల ముల్లు ఎటు మొగ్గునో చిన్నపిల్లయు చెప్పును. బడిలోనైతే, ఆ బిడ్డ చేతికి చిక్కి బదులు వేరొకటి ఇచ్చునట్లు ఉపాధ్యాయులతో ముందుగా మాటలాడవలెను.

కొందరందురు, ఆ బిడ్డకు వేరుగా పళ్లెము పెట్టి దూరముగా కూర్చుండబెట్టిన చాలదా యని. ప్రియులారా, ఈ మాటయొద్ద మనము ఆగి ఆలోచింపవలెను. వేరు పళ్లెమనగా ఏమో మన పెద్దలు పుస్తకములలో చదివి తెలిసికొనలేదు. వేరు గ్లాసు, వేరు వరుస, దోసిట పోసిన నీళ్లు, ఇవి వారి దేహములకు తెలిసిన సంగతులు. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము తన 17వ అధికరణములో అంటరానితనమును నిషేధించినను, పల్లెలలో ఆ రెండు గ్లాసుల పద్ధతి అంతటితో మాయము కాలేదు. అనేక కుటుంబములు క్రీస్తు బల్లయొద్దకు వచ్చినది, అక్కడ ఒకే పంక్తి కలదని వినియే. అట్టి సంఘములో ఒక బిడ్డను మూలకు కూర్చుండబెట్టుట తేలిక సంగతి కాదు.

మరి పళ్లెము వేరుగా నుండరాదా? ఉండవచ్చును, ఒక్కొక్కప్పుడు ఉండనే వలెను. అంటరానితనపు పళ్లెము, పెట్టినవాని పరువును కాపాడుటకు పెట్టబడెను. తినువాడు మమ్మును ముట్టరాదనుటయే దాని భావము. ఈ పళ్లెము తినువాని ప్రాణమును కాపాడుటకు పెట్టబడును. మా చేతి ధూళి నిన్ను ముట్టరాదనుట దీని భావము. చూచుటకు రెండును ఒకటే గాని, వేరు చేయుట ఎవరి మేలు కొరకు అని అడిగిన వెంటనే రెండును రెండు త్రోవలగును. అంతియొకయలో పేతురు అన్యజనులతో భుజించుచు, యాకోబు యొద్దనుండి కొందరు రాగానే వెనుకకు తీసికొనినప్పుడు, పౌలు అందరియెదుట అతనిని నిలువరించెను (గలతీ 2:11–14). పేతురు తొలగినది తన పేరు కాపాడుకొనుటకు గదా. కాబట్టి మన కొలత ఇది: పళ్లెము వేరైనను పంక్తి వేరు కాకూడదు. ఆ బిడ్డ నడుమ కూర్చుండవలెను. వానికిరుప్రక్కల కూర్చుండువారు వానికి పడునదే తినవలెను. అంతకంటె మేలైనది, ఎలీషా చేసినట్లు కుండనే అందరికి తగినదిగా చేయుట.

ఇది జరుగవలెనన్న కొన్ని పనులు ముందుగా చేయవలెను. తలిదండ్రులు సంకోచింపక సంఘ కాపరికిని, ఆదివారపు బడి ఉపాధ్యాయులకును, బడి పంతులుగారికిని, వంట చేయువారికిని ఏది పడదో, తిన్నప్పుడు ఏమగునో స్పష్టముగా చెప్పవలెను. విందు నాడు వంటవారు ఆ బిడ్డ భోజనమును మొదట వండి మూతపెట్టి, దాని గరిటెను వేరుగా నుంచవలెను. శనక్కాయ పొడి కలిపిన గరిటె ఒకసారి మునిగిన యెడల జాగ్రత్తయంతయు వ్యర్థము. ఏ నూనెతో వండిరో అడుగవలెను. చేతులు, పళ్లెములు సబ్బుతో కడుగవలెను. నీళ్లు చల్లి తుడిచిన చాలదు. అంగడిలో కొనిన బిస్కత్తు పొట్లముమీద చిన్న అక్షరములు చదువవలెను. గ్రుడ్డు, పాలు, వేరుశనగ మొదలగునవి కలిసియున్నయెడల పొట్లముమీద తెలుపవలెనని మన దేశపు ఆహార భద్రతా సంస్థ 2020 నాటి నిబంధనలలో శాసించెను. విడిగా తూచి అమ్ము మిఠాయికి అట్టి చీటి యుండదు గనుక, అది ఆ బిడ్డకు పెట్టకుండుటయే క్షేమము.

అపాయము వచ్చినప్పుడు చేయవలసినది ప్రతి పెద్దవానికి తెలిసియుండవలెను. పడనిది తిన్న బిడ్డకు ఊపిరి బిగిసినను, గొంతు మారినను, సొమ్మసిల్లినను, వెంటనే 108కి ఫోను చేయవలెను, లేక దొరకిన బండిలో ఆసుపత్రికి తరలింపవలెను. దీనికి మొదటి మందు అడ్రినలిన్; దానిని తొడ వెలుపలి కండరములో సూదిద్వారా ఇత్తురు. ఎలర్జీ బిళ్ల మింగించి ఇంటియొద్ద కనిపెట్టుకొని యుండుట ప్రాణాంతకము. బిడ్డను నిలువబెట్టకుడి, నడిపింపకుడి. పండుకొనబెట్టి కాళ్లు ఎత్తిపట్టవలెను. ఆయాసము మిక్కుటమైతే కూర్చుండనియ్యవలెను. తేరుకొనిన తరువాత కొన్ని గంటలకు మరల తిరుగబెట్టుట కలదు గనుక, వైద్యుడు పొమ్మనువరకు ఆసుపత్రిలోనే ఉండవలెను. కంబదూరువంటి చోట్ల పెద్ద ఆసుపత్రి దూరము. కావున అట్టి బిడ్డ యున్న కుటుంబమువారు, ఏ ఆసుపత్రిలో ఆ సూది సిద్ధముగా నుండునో ముందే విచారించి యుంచుకొనవలెను. సంఘములో బండిగల సహోదరుడు ఒకడు, ఏ వేళనైనను పిలువుడి అని ఆ తల్లితో చెప్పినయెడల, అది గొప్ప పరిచర్య.

ఇక ఆ బిడ్డనుగూర్చి ఒక మాట. వానికి భయము నేర్పకుడి, వద్దనుట నేర్పుడి. దానియేలును అతని స్నేహితులును రాజు పంపిన భోజనము వద్దని మర్యాదతో మనవి చేసికొనిరి. వారి కారణము వేరు. అయినను వారు అడిగిన రీతి మన పిల్లలకు నేర్పదగినది. ఆ పెద్దవాడును రాజునకు భయపడినను వారి మాట త్రోసివేయలేదు. వారికి కావలసిన శాకధాన్యములు పెట్టి పది దినములు చూచుటకు ఒప్పుకొనిరి (దానియేలు 1:8–16). చిన్నవాడు ధైర్యముగా చెప్పుట సగమే. పెద్దవారు వినుట మిగిలిన సగము. నాకది పడదవ్వా అని బిడ్డ అన్నప్పుడు, సరే నాయనా, నీకేమి పడునో చెప్పు, అదే పెట్టెదను అని మన యిండ్లలో జవాబు రావలెను. కొట్టి, బుజ్జగించి, దాచి కలిపి పెట్టుట ఎన్నటికిని కూడదు. ఇతర పిల్లలు శనక్కాయ చూపి వానిని వెక్కిరించిన యెడల, అది ఆటయని ఊరకుండరాదు.

కుమారుడు చేపనడిగిన పామునిచ్చు తండ్రియు, గ్రుడ్డునడిగిన తేలునిచ్చు తండ్రియు ఉండునా యని ప్రభువు మనలను అడిగెను. ఈ మాటను మనము ప్రార్థననుగూర్చి వినియున్నాము. పెట్టు చేతినిగూర్చి కూడ అది మాటలాడుచున్నది. తండ్రి తన బిడ్డకు ఏది ఆహారమో, ఏది హానియో యెరిగి యిచ్చును. ఒక్కొక్క బిడ్డకు గ్రుడ్డే తేలగును, మన సీమ బంగారమని పిలుచుకొను గింజయే పామగును. కనుక చేతనున్నది పెట్టుటతో ప్రేమ ముగియదు. ఎదుటివానికి ఏది జీవమో అడిగి తెలిసికొని పెట్టుటతో అది నెరవేరును. ఆ తెలిసికొను భారము ఒక్క తల్లి నెత్తిననే వేసి మనము తిని లేచిన యెడల, ఒకరికొరకు ఒకరు కనిపెట్టుకొని యుండుడని చెప్పబడిన బల్లను మనము ఎరుగనివారమే (1 కొరింథీ 11:33).

వచ్చు కోతకాల పండుగకు కుండలు పొయ్యిమీద పెట్టకముందు, సంఘ పెద్దలు ఒక్క ప్రశ్న అడుగుదురు గాక: మన పిల్లలలో ఎవరికి ఏది పడదు?

ప్రార్థన: అందరికి ఆహారమిచ్చు తండ్రీ, మా మెట్టనేలలో నీవు పండించిన ప్రతి గింజ కొరకు నీకు స్తోత్రములు. మేము పెట్టు ముద్ద ఎవనికిని హాని కాకుండ మాకు ఎరుకను దయచేయుము. అలసిన తల్లులకు తోడుగా మమ్మును నిలువబెట్టుము. నీ బల్లయొద్ద చిన్నవారిలో ఒకడైనను ఆకలితోగాని భయముతోగాని లేచిపోకుండ మా హృదయములను విశాలపరచుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.